పూసపాటి విజయానంద గజపతి రాజు (విజ్జీ)

పూసపాటి విజయానంద గజపతి రాజు (డిసెంబరు 28, 1905 - డిసెంబరు 2, 1965) భారత క్రికెట్ క్రీడాకారుడు, క్రీడా నిర్వాహకుడు మరియు పార్లమెంటు సభ్యుడు. క్రికెట్ లోకంలో ఇతడు విజ్జీ అనే పేరుతో ప్రసిద్ధుడు. 1936లో ఇంగ్లాండులో పర్యటించిన భారత జట్టుకు నాయకత్వం వహించాడు. ఆ పర్యటనలోని మూడు టెస్టులు తప్ప ఇతడు మరే టెస్టు ఆడలేదు. వాటిలో రెండు లండన్ నగరంలోని లార్డ్స్, ఓవల్ మైదానాలలోను, ఒకటి మాంచెస్టరులోను జరిగాయి. భారత క్రికెట్ చరిత్రలో అత్యంత వివాదాస్పదమైన నాయకులలో ఇతడిని ఒకడిగా పరిగణిస్తారు.

కుటుంబ నేపథ్యం

విజ్జీ విజయనగరంలో జన్మించాడు. తండ్రి విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతి రాజు. ఉత్తరాంధ్రలో ఈ సంస్థానం చాలా పెద్దది. సాలూరు, పాచిపెంట వంటి మన్యం అంచు జమీందారీలు 18వ శతాబ్దంలో దీని అధికారం కిందికి వచ్చాయి. 1794లో జరిగిన పద్మనాభ యుద్ధం తరువాత ఈస్టిండియా కంపెనీ ఆ కొండ జమీందారీలను వేరుచేసింది. ఆ తరువాత కూడ సంస్థానపు ఆదాయం, పలుకుబడి పెద్దగానే ఉండేవి.

విజ్జీ రెండవ కుమారుడు కావడంతో గద్దె అన్నగారైన అలక నారాయణ గజపతికి దక్కింది. పాలకుని కుమారుడన్న అర్థంలో ఇతడిని మహారాజ్ కుమార్ అని పిలిచేవారు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లాండులోని హెయిలీబరీలోను చదువుకున్నాడు. 1922లో తండ్రి మరణించిన తరువాత కుటుంబానికి ఆస్తులున్న కాశీకి తరలి వెళ్ళాడు. అక్కడే మైదానాన్ని ఏర్పరచి, సొంత జట్టును సమకూర్చుకున్నాడు.

క్రికెట్ పోషకుడు

1930-31లో మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు (ఎం.సి.సి.) భారత పర్యటన శాసనోల్లంఘన ఉద్యమం వలన రద్దయినది. అప్పుడు విజ్జీ సొంత ఖర్చుతో ఒక జట్టును కూర్చి భారతదేశంలోను, సింహళంలోను పర్యటించాడు. ఆ జట్టులో ఆడటానికి ఇంగ్లాండు దిగ్గజాలైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించాడు. తరువాత వెస్టిండీస్ ఆటగాడు లీరీ కాన్‌స్టంటైన్‌ను కూడ రప్పించాడు. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టును విజ్జీ జట్టు కాశీలో 14 పరుగుల తేడాతో ఓడించింది. ఆ పర్యటన మొత్తంలో ఎం.సి.సి. ఓడినది ఆ ఒక్క మ్యాచ్‌లోనే.

క్రికెట్ బోర్డుకు ఇతడు 50 వేల రూపాయల విరాళం ఇచ్చాడు. 1932 ఇంగ్లాండు పర్యటనకు పోరుబందరు మహారాజు నాయకుడిగా, లింబ్డీ రాకుమారుడు ఉపనాయకుడిగా ఎంపికయ్యారు. విజ్జీ కోసం ఉపనాయకునికి సహాయకుడనే పదవిని సృష్టించారు. అయితే ఇతడు ఆ పర్యటనకు వెళ్ళలేదు. పోరుబందరు మహారాజు తన ఆట స్థాయిని గుర్తించి పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీ రాకుమారుడు గాయపడ్డాడు. దానితో 1932 జూన్ 25న లార్డ్స్‌లో ఆరంభమైన భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాగపూరులో పుట్టిన తెలుగువాడు సి.కె.నాయుడు నాయకత్వం వహించాడు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడిపోయినప్పటికీ గట్టి పోటీనిచ్చింది.

లండన్ మైదానాలు, ఆనాటి ఆచారాలు

లార్డ్స్ మైదానం లండన్‌లోని సెయింట్ జాన్స్ వుడ్ ప్రాంతంలో 1814 నుండి ఉన్నది. దీని యజమాని ఎం.సి.సి. థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న ఓవల్ మైదానంలో 1845 నుండి క్రికెట్ ఆడుతున్నారు. ఇంగ్లాండు గడ్డపై మొదటి టెస్టు 1880లో ఇక్కడే జరిగింది.

ఆ కాలంలో ఇంగ్లాండు క్రికెట్‌లో జీతం తీసుకోకుండా ఆడే సంపన్నులు ఒక వర్గం, జీతానికి ఆడేవారు మరొక వర్గం. ఈ రెండు వర్గాలకు దుస్తులు మార్చుకునే గదులు, మైదానంలోకి వచ్చే ద్వారాలు చాలాచోట్ల వేరువేరుగా ఉండేవి. నాయకత్వం సంపన్న వర్గానికి చెందిన వాడికే దక్కడం ఆనవాయితీ. 20వ శతాబ్దంలో జీతానికి ఆడే ఆటగాడు ఇంగ్లాండు జట్టుకు స్థిరమైన నాయకుడు కావడం 1952లో లెన్ హట్టన్‌తో మొదలైనది. ఈ విభజనను 1962లో రద్దు చేశారు. భారత జట్టుకు రాజవంశీకుడే నాయకుడు కావాలనే పట్టుదలకు ఇక్కడి సంస్థానాల డబ్బుతో పాటు ఈ ఆనవాయితీ కూడ బలం చేకూర్చింది.

1936 పర్యటన

1936 పర్యటనకు నాయుడిని కాదని విజ్జీని నాయకుడిగా ఎన్నుకున్నారు. ఇతడు ఇద్దరు సేవకులను, 36 పెట్టెల సామానును వెంట తీసుకుని వెళ్ళాడు. త్వరలోనే జట్టు నాయకుని వర్గంగాను, నాయుడి వర్గంగాను చీలిపోయింది.

జట్టులో లాలా అమర్‌నాథ్ మంచి ఊపు మీద ఉన్నాడు. 1933లో భారత్ తరఫున మొదటి టెస్టు శతకం చేసినది ఇతడే. ఈ పర్యటనలో ఎసెక్స్ జట్టుపై ఒకే మ్యాచ్‌లో రెండు శతకాలు సాధించాడు. జూన్ నెలలో లార్డ్స్‌లో మైనర్ కౌంటీల జట్టుతో ఆడుతున్నప్పుడు, ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉన్న అమర్‌నాథ్‌ను ఆపి ఇతరులను ముందుగా బ్యాటింగుకు పంపారు. రోజు ముగిసే వేళ తిరిగివచ్చిన అమర్‌నాథ్ గదిలో తన కోపాన్ని దాచుకోలేదు. విజ్జీ, మేనేజరు మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి అతడిని మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి స్వదేశానికి పంపివేశారు.

లార్డ్స్ టెస్టు జూన్ 27న మొదలైనది. భారత్ 147 పరుగులు చేయగా, అమర్‌సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు తీయడంతో ఇంగ్లాండు 134 పరుగులకే ఆలౌటయ్యింది. 13 పరుగుల ఆధిక్యం లభించినా, రెండవ ఇన్నింగ్సులో భారత్ 93 పరుగులకే కుప్పకూలి 9 వికెట్ల తేడాతో ఓడింది. ఇంగ్లాండు నాయకుడు గబ్బీ అలెన్ మొత్తం 10 వికెట్లు తీశాడు. అమర్‌నాథ్ వంటి ఆల్‌రౌండర్ లేని లోటు ఆ రెండవ ఇన్నింగ్సులో స్పష్టంగా కనిపించింది.

ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో విజయ్ మర్చంట్ (114), ముస్తాక్ అలీ (112) మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించగా మ్యాచ్ డ్రాగా ముగిసినది. ఆగస్టులో ఓవల్‌లో వాలీ హామండ్ 217 పరుగులు చేశాడు. నాయుడు 81 పరుగులతో పోరాడినా భారత్ మళ్ళీ 9 వికెట్ల తేడాతో ఓడింది. నాయుడికి అదే చివరి టెస్టు. విజ్జీ మూడు టెస్టులలో కలిపి చేసినవి 33 పరుగులు, సగటు 8.25. ఈ పర్యటన కాలంలోనే ఇతడికి సర్ బిరుదు లభించింది. 1947లో ఇతడు ఆ బిరుదును వదులుకున్నాడు.

విచారణ

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ ఆధ్వర్యంలో బోర్డు విచారణ సంఘాన్ని నియమించింది. 1937లో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. విజ్జీకి మైదానంలో ఆటగాళ్ళను ఎక్కడ నిలపాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో తెలియలేదని తప్పుపట్టింది. అయితే ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో భారత్ 1946 వరకు టెస్టులు ఆడలేదు. నిర్దోషిగా తేలినా అమర్‌నాథ్ తన మంచి వయసులో పదేళ్ళు టెస్టులకు దూరమయ్యాడు.

నిర్వాహకుడిగా

స్వాతంత్ర్యానంతరం విజ్జీ తిరిగి క్రికెట్ పాలనలోకి వచ్చాడు. 1952లో బోర్డు ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు అమర్‌నాథ్‌ను మళ్ళీ నాయకుడిగా నియమించడానికి తోడ్పడ్డాడు. 1954 నుండి బోర్డు అధ్యక్షుడిగా పనిచేశాడు. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నడిపిన కాలంలో, 1956-57 రంజీ పోటీలకు 61 ఏళ్ళ సి.కె.నాయుడిని రాష్ట్ర జట్టుకు నాయకుడిగా తీసుకువచ్చాడు. ఆ విధంగా 1936లో తనవలన నష్టపోయిన ఇద్దరికీ తరువాతి కాలంలో ఇతడే అవకాశం కల్పించాడు. రేడియో వ్యాఖ్యాతగా కూడ పనిచేశాడు.

1958లో భారత ప్రభుత్వం ఇతడికి పద్మభూషణ్ పురస్కారం ఇచ్చింది. 1962 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1965 డిసెంబరు 2న కాశీలో మరణించాడు.

గుర్తింపు

విశ్వవిద్యాలయాల జోన్ జట్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీ పోటీలు 1966-67లో ఇతడి పేరుమీద మొదలైనవి. విజయనగరంలోని విజ్జీ స్టేడియం ఇతడి పేరు మీదనే ఉన్నది.