క్యూసెక్కుల మనిషి లెక్కలో రాని నీళ్లు

మన కాలవల్లో పారే నీళ్లకి లెక్క కట్టడమే బతుకంతా పనిగా పెట్టుకున్న మనిషి ఒకాయన కృష్ణా డెల్టాలోనే పుట్టారు. పేరు కానూరి లక్ష్మణరావు. కె.ఎల్.రావు అంటేనే జనానికి తెలుస్తుంది. పులిచింతల ప్రాజెక్టుకి పెట్టింది ఆయన పేరే. బెజవాడ వన్ టౌన్ వైపు వెళ్తే కె.ఎల్.రావు నగర్ అని ఓ పేట కూడా ఉంది.

1902 జులై 15న కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బళ్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. అయినా చదువు మానలా. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చేశారు, ఇంగ్లండు వెళ్లి 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు. మధ్యలో రంగూన్లో పాఠాలు చెప్పారు. తిరిగొచ్చాక కేంద్రంలో చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. నాగార్జునసాగర్ డిజైన్ వెనక ఆయన చెయ్యి పెద్దదే.

1962, 67, 71... మూడుసార్లు బెజవాడోళ్లు ఆయన్ని ఎంపీగా గెలిపించారు. 1963 నుంచి పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు చూశారు. గంగలో పాట్నా దగ్గర వరద నీళ్లు 60 వేల క్యూసెక్కులు ఎత్తి కావేరి దాకా తీసుకుపోదామని ప్లాన్ గీసింది ఈయనే. అది కాగితం దాటలేదనుకోండి, అయినా ఇప్పటికీ నదుల అనుసంధానం మాటొస్తే ఆయన పేరు రాక తప్పదు. సొంత జీవితం మీద రాసుకున్న పుస్తకానికి కూడా ద క్యూసెక్స్ క్యాండిడేట్ అనే పేరు పెట్టుకున్నారు.

క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు. రోజు మొత్తం పారితే సుమారు 24.5 లక్షల లీటర్లు. ఆయన కొలతతోనే ఆయన ఊరి మురుగు లెక్క కడదాం. 2011 జనాభా లెక్కలకే బెజవాడ పది లక్షలు దాటింది. పట్నంలో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని, అందులో 80 శాతం మురుగై బయటికొస్తుందని ఇంజనీర్లు వేసుకునే లెక్క. అంటే పది లక్షల మందికి 10.8 కోట్ల లీటర్లు. క్యూసెక్కుల్లో చెప్పాలంటే 44. వానలుండవు, కరువుండదు, ఏడాదంతా ఆగకుండా పారే 44 క్యూసెక్కులు.

ఇదంతా కాలవలోకే పోతందని కాదు. అజిత్ సింగ్ నగర్, రామలింగేశ్వర నగర్, ఆటోనగర్ లాంటి చోట్ల శుద్ధి ప్లాంట్లున్నాయి. ప్లాంటు దాకా పోని మురుగే మనల్ని చంపేది. వన్ టౌన్ పాతూరు. కొండ వాలు మీద ఇళ్లు, ఇరుకు సందులు. ఆ పక్కనుంచే బందరు, ఏలూరు, రైవస్ కాలవలు డెల్టాలోకి దిగుతాయి. సైడు కాలవ నీరు పల్లం చూసుకుని వాటిల్లోకే జారుద్ది. అటు బుడమేరులో పడింది కొల్లేరు చేరుద్ది.

మురుగు నీళ్లలో పడితే బ్యాక్టీరియా దాన్ని తింటా నీళ్లలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తది. చేపకి ఊపిరాడదు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు. మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపు డెక్కకి ఎరువు. మీ ఊరి కాలవలో అదెందుకంత పచ్చగా బలిసి ఉంటదో ఇప్పుడర్థమైందిగా.

నన్నడిగితే కె.ఎల్.రావు తరం ఇంజనీర్లకి నీళ్లు ఎన్ని అన్నదే ప్రశ్న, ఎలాంటివి అన్నది కాదు. ఆకలి రోజులు కదా, తప్పు పట్టలేం. నీటి కాలుష్య చట్టం వచ్చింది 1974లో, అప్పటికి ఆయన మంత్రి పదవిలో లేరు. మరి ఆ తర్వాత యాభై ఏళ్లు ఏలినోళ్ల సంగతి? నగరం తను తాగే నీళ్లు బ్యారేజీకి పైన తోడుకుంటుంది. వాడి వదిలినవి కింద మనకొస్తాయి. పన్ను పట్నానికి, కంపు పల్లెకి.

ఆయన 1986 మే 18న కన్నుమూశారు. మే అంటే సాధారణంగా మన కాలవలు కట్టేసే నెల. సీజన్లో వేల క్యూసెక్కులు పారతా ఉంటే మురుగు అందులో పలచబడి పోద్ది. కట్టేశాక పలచన చేసే నీళ్లుండవు. పట్నంలో కాలవ అడుగున అదే నిలవ ఉంటది, నల్లగా. మళ్లీ గేట్లెత్తితే ముందు కొట్టుకొచ్చేది ఆ నలుపే. డెల్టాలో చాలా ఊళ్లు మంచినీళ్ల చెరువు నింపుకునేది ఈ కాలవల నించే. ఈసారి నీళ్లొదిలాక మీ చెరువు తూము ఎన్నో రోజున ఎత్తుతున్నారో, ఆ నీళ్లకి ఎవరన్నా పరీక్ష చేశారో లేదో పంచాయతీ ఆఫీసుకెళ్లి అడగండి.