మట్టి ఇటుక నుంచి రాతికొండ దాకా: ఇమ్‌హోటెప్

ఇమ్‌హోటెప్ అనగానే మనలో చాలామందికి ‘ది మమ్మీ’ సినిమాలో ఇసుక తుఫానై విరుచుకుపడే దుష్టుడే గుర్తొస్తాడు. పాపం, అసలు ఇమ్‌హోటెప్‌కు ఆ కథతో ఏ సంబంధమూ లేదు. క్రీ.పూ. 2650 ప్రాంతంలో ఈజిప్టును ఏలిన జోసర్ రాజుకు ఆయన మంత్రి, హీలియోపొలిస్‌లోని సూర్యాలయానికి ప్రధాన పూజారి. ప్రపంచంలో మనకు పేరు తెలిసిన మొట్టమొదటి స్థపతుల్లో ఒకడు.

అప్పటిదాకా రాజుల సమాధులను ఎండబెట్టిన మట్టి ఇటుకలతో పెద్ద అరుగుల్లా కట్టేవారు. రాతిపని రాక కాదు. రాయిని తొలిచి గిన్నెలు, కూజాలు చేయడంలో ఈజిప్టువాళ్ళది అందెవేసిన చేయి. జోసర్ సమాధి కింది సొరంగాల్లో దాదాపు 40,000 రాతి పాత్రలు దొరికాయి. వాటిలో చాలా వరకు అంతకుముందు రాజుల కాలం నాటివి. గిన్నెలు చేసిన ఆ నేర్పుతోనే ఒక కొండ కట్టించాలి. అదీ ఇమ్‌హోటెప్ ముందున్న పని.

సక్కారాలో మొదలుపెట్టింది అరుగే, కాకపోతే రాతితో. తర్వాత దాన్ని వెడల్పు చేశారు. ఆపైన నాలుగు మెట్లు లేపారు, అదీ చాలక ఆరు చేశారు. ఎత్తు సుమారు 60 మీటర్లు. తొలి రాళ్ళు మనుషులు చేతులతో మోయగలిగేంత చిన్నవి. ఇటుకల అలవాటు అంత తొందరగా పోతుందా! పని సాగేకొద్దీ రాళ్ళు పెద్దవయ్యాయి. వాటిని సమంగా పరచకుండా లోపలివైపుకు వాల్చి పేర్చారు. అందువల్ల బరువు మధ్యకు ఆనుకుంటుంది, గోడ బయటికి జారదు.

మాకు పిరమిడ్ కంటే దాని చుట్టూ ఉన్న ప్రాంగణమే ఎక్కువ ఇష్టం. అక్కడి స్తంభాలు రెల్లుకట్టల్లా ఉంటాయి. కప్పురాళ్ళను తాటిదుంగల్లా గుండ్రంగా చెక్కారు. తలుపులు తెరిచి ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ అవీ రాతివే. కొత్త ఊరికి మారినా మనం పాత ఇంట్లోలాగే సామాను సర్దుకుంటామే, అలా రెల్లు, చెక్క ఇళ్ళ రూపాన్నే రాతిలోకి తెచ్చుకున్నారు. స్తంభాలను విడిగా నిలబెట్టే ధైర్యం చాలక పక్కగోడలకు ఆనించారు.

సున్నపురాయిని రాగి ఉలితో చెక్కవచ్చు. రాజు పార్థివదేహాన్ని ఉంచిన గదికి వాడిన గ్రానైట్‌కు ఆ ఉలి చాలదు. డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి, ఇసుకతో అరగదీయాలి. ఆ గ్రానైట్ దక్షిణాన ఎక్కడో ఉన్న అస్వాన్ నుంచి నైలు నది మీద పడవల్లో వచ్చింది. నేల మీద అయితే పెద్ద రాళ్ళను చక్రాల్లేని చెక్కబండ్ల మీద పెట్టి తాళ్ళతో లాగేవారు. తర్వాతి కాలపు ఒక సమాధి చిత్రంలో బండి ముందు ఇసుక మీద నీళ్ళు పోస్తున్న మనిషి కనిపిస్తాడు. తగినంత తడి ఉంటే ఇసుక బండి ముందు గుట్టపడదు, లాగే శ్రమ దాదాపు సగమవుతుందని 2014లో శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. జోసర్ తర్వాత వందేళ్ళలోపే, గీజాలో సగటున రెండున్నర టన్నుల రాళ్ళతో మహా పిరమిడ్ లేచింది.

జోసర్ విగ్రహపు పీఠం ఒకటి 1926లో బయటపడింది. దాని మీద రాజు పేరుతోపాటు ఇమ్‌హోటెప్ పేరూ, బిరుదులూ ఉన్నాయి. రాజవిగ్రహం మీద ఒక ఉద్యోగి పేరు చెక్కడం చాలా అరుదు. రెండువేల ఏళ్ళు గడిచాక ఈజిప్టువాళ్ళు ఆయన్ని దేవుణ్ణి చేశారు, రోగాలు నయం చేస్తాడని మొక్కుకున్నారు. ఆయన వైద్యుడని ఆయన కాలపు రాతల్లో మాత్రం ఎక్కడా లేదు!

జోసర్ తర్వాత వచ్చిన సెఖెంఖెత్ కూడా సక్కారాలోనే ఇంకా పెద్ద మెట్ల పిరమిడ్ మొదలుపెట్టాడు కానీ అది పూర్తికాలేదు. సగంలో ఆగిన ఆ కట్టడం ప్రహరీ మీద, పని జరుగుతున్నప్పుడు ఎవరో ఎర్రరంగుతో రాసిన ఇమ్‌హోటెప్ పేరు దొరికింది.