మరణశిక్ష నీడలో విమానాలు గీసిన పొలికార్పోవ్

మిగ్ విమానం పేరు విననివారు మన కాలేజీలో ఉండరనుకుంటాను. మన వైమానిక దళం 1963 నుంచి 2025 దాకా మిగ్-21ను నడిపింది. ఆ పేరు మికోయాన్, గురేవిచ్ అనే ఇద్దరిది. కానీ మొట్టమొదటి మిగ్ నమూనా తయారైంది మరొకరి డిజైన్ బ్యూరోలో. ఆయనే నికొలాయ్ పొలికార్పోవ్. సోవియట్ రష్యా తొలినాటి యుద్ధవిమానాల్లో చాలా భాగం ఆయన గీసినవే. అయినా ఆయన గురించి మనకు తెలిసింది బహు తక్కువ.

ఆయన 1892లో రష్యాలోని ఒర్యోల్ ప్రాంతపు పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చి పూజారి. కొడుకునూ ఆ వృత్తికే అనుకుని మతపాఠశాలలో వేశారు. కుర్రాడి మనసు మాత్రం యంత్రాల మీద పడింది. 1911లో సెయింట్ పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లో చేరి 1916లో ఇంజనీరై బయటికొచ్చాడు. సికోర్‌స్కీ దగ్గర ఇల్యా మూరొమెత్స్ అనే నాలుగు ఇంజన్ల బాంబర్ పనిలో కుదిరాడు. విప్లవం వచ్చాక సికోర్‌స్కీ దేశం విడిచి వెళ్ళిపోయాడు. పొలికార్పోవ్ వెళ్ళలేదు. 1918లో మాస్కో చేరి అక్కడి ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1923లో ఐ-1 ఫైటర్, 1928 నాటికి యు-2 శిక్షణ విమానం, ఆర్-5 నిఘా విమానం ఒకదాని వెంట ఒకటి తయారయ్యాయి.

అంతలో 1929 అక్టోబరులో పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. విధ్వంసకుడన్నది నేరారోపణ. విచారణ అంటూ లేకుండానే మరణశిక్ష వేశారు. ఏ రోజు పిలుపు వస్తుందో తెలియక సుమారు రెండు నెలలు గడిపాడు. అయితే ప్రభుత్వానికి ఫైటర్ కావాలి, గీయగలవాళ్ళేమో జైల్లో ఉన్నారు! అందుకని బుతిర్కా జైల్లోనే డిజైన్ బ్యూరో పెట్టి ఖైదీ ఇంజనీర్లను అందులో కూర్చోబెట్టారు. తర్వాత దాన్ని ఒక విమాన ఫ్యాక్టరీ ఆవరణలోకి మార్చారు. అక్కడ పొలికార్పోవ్, గ్రిగొరోవిచ్ కలిసి రూపొందించిన ఐ-5 ఫైటర్ 1930 ఏప్రిల్‌లో ఎగిరింది. 1931లో ఆయన శిక్షను పదేళ్ళకు తగ్గించి, ఆ ఏడే విడిచిపెట్టారు. శిక్షను రద్దు మాత్రం చేయలేదు.

బయటికొచ్చినవాడు పగతో కూర్చోలేదు, పనిలో పడ్డాడు. 1933 ఆఖరున చ్కాలోవ్ నడపగా ఐ-16 ఎగిరింది. ఒంటి రెక్క, లోపలికి ముడుచుకునే చక్రాలు అప్పటికి ఫైటర్లలో కొత్త సంగతి. ఆ చక్రాలు పైకి లేవాలంటే పైలట్ చేత్తో పిడిని 44 సార్లు తిప్పాలి. 1936లో స్పెయిన్ యుద్ధంలో ఐ-15, ఐ-16 రెండూ పోరాడాయి.

ఆ తర్వాత కాలం కలిసిరాలేదు. 1938 డిసెంబరు 15న ఐ-180 తొలిసారి ఎగిరిన రోజే ఇంజన్ ఆగిపోయి చ్కాలోవ్ మరణించాడు. 1939లో పొలికార్పోవ్ జర్మనీ వెళ్ళి వచ్చేసరికి ఆయన మనుషుల్లో మంచి మంచి వాళ్ళను, ఐ-200 నమూనానూ కలిపి మికోయాన్ చేతికి అప్పగించేశారు. అదే మిగ్-1 అయ్యింది. బిరుదులు, బహుమతులు అందాయిగానీ చేతిలోని పని జారిపోయింది. 1944 జూలై 30న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 52.

ఆయన పేరు నిలిపింది మాత్రం అన్నిటికన్నా చిన్న విమానం. యు-2ది కర్రా గుడ్డా కలిసిన ఒళ్ళు, సుమారు 100 అశ్వశక్తి ఇంజన్, గంటకు 150 కిలోమీటర్ల వేగం. యుద్ధంలో రష్యన్ ఆడపిల్లలు రాత్రిపూట దీనిమీద వెళ్ళి, ఇంజన్ శబ్దం తగ్గించి జారుతూ వచ్చి బాంబులు వేశారు. జర్మన్లు వాళ్ళను రాత్రి మంత్రగత్తెలన్నారు. అదే విమానం పొలాలకు మందు కూడా చల్లింది. అందుకే జనం దానికి మొక్కజొన్న విమానమని ముద్దుపేరు పెట్టారు. సేద్యం చేసే ఇంట పుట్టిన నాకు ఆ పేరే అన్ని బిరుదుల కన్నా గొప్పగా తోస్తుంది. ఆయన పోయాక ఆ ఏడే దాన్ని పో-2గా మార్చారు.

మరి ఆ మరణశిక్ష? 1956లో గానీ కొట్టెయ్యలేదు. అప్పటికి ఆయన పోయి 12 ఏళ్ళు. ఒక శాస్త్రజ్ఞుణ్ణి అనుమానించడానికి ప్రభుత్వానికి ఒక్క రాత్రి చాలింది, ఆ అనుమానం తుడిచెయ్యడానికి 27 ఏళ్ళు పట్టింది. రేపు సైన్సు చేతబట్టి దేశానికి పనిచెయ్యబోయే మనం ఆ విమానాలతోపాటు ఈ లెక్కా గుర్తుంచుకోవాలి.