నవ్వు మరువని గృహస్థుడు – పునీత థామస్ మోర్



చదవాలని కొని తెచ్చుకున్న పుస్తకం మీ ఇంట బీరువాలోనే ఉండిపోయిందా? ఎప్పుడో మొదలుపెట్టిన పాటో, కథో, నాటికో సగంలో ఆగిపోయిందా? ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దల మందులు, విచారణలో పనులు, వీటన్నిటి మధ్య తీరిక ఎక్కడిదండీ అని మీరు అడగవచ్చు. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అని మన పెద్దలు ఎగతాళి చేసేవారు. ఈ వారం మనం చెప్పుకోబోయే పునీతునికి ఆదాయం బాగానే ఉండేది, తీరికే లేదు. అయినా 500 ఏళ్ల తరువాత కూడా లోకం చదువుతున్న పుస్తకం ఆయన వ్రాశారు. పిల్లలను దగ్గరుండి పెంచారు. చివరికి శిరచ్ఛేదన వేదిక మెట్లమీద కూడా నవ్వించారు. ఆయనే ఇంగ్లండు దేశానికి చెందిన పునీత థామస్ మోర్. శ్రీసభ ఆయనను, పీఠాధిపతి పునీత జాన్ ఫిషర్ గారిని కలిపి ఏటా జూన్ 22న స్మరిస్తుంది.

పునీతులనగానే మనకు గురువులు, మఠకన్యలు, సన్యాసులు గుర్తుకొస్తారు. థామస్ మోర్ మనలాంటి సంసారి. 1478 ప్రాంతంలో లండను నగరంలో పుట్టారు. తండ్రి న్యాయవాది, తరువాత న్యాయమూర్తి అయ్యారు. చిన్నతనంలో థామస్‌ను కాంటర్బరీ అగ్రపీఠాధిపతి జాన్ మోర్టన్ గారి ఇంట కొలువుకు పెట్టారు. క్రిస్మసు రోజుల్లో అక్కడ నాటకాలు ఆడుతుంటే ఈ కుర్రవాడు ఉన్నట్టుండి నటుల మధ్యకు వెళ్లి, అప్పటికప్పుడు ఒక పాత్ర కల్పించుకుని ఆడేవాడట. చూసేవారికి అసలు నటుల కంటే ఇతడే నచ్చేవాడట. తరువాత ఆక్స్‌ఫర్డులో సుమారు రెండేళ్లు చదివి, తండ్రి మాట ప్రకారం న్యాయవాద వృత్తిలోకి వచ్చారు.

యువకుడిగా ఉన్నప్పుడు దాదాపు నాలుగేళ్లు లండనులోని కార్తూసియన్ మఠవాసుల ప్రార్థన జీవితంలో పాలుపంచుకున్నారు. మఠంలో చేరాలా, ఇల్లు కట్టుకోవాలా అని బాగా ఆలోచించుకుని, తన పిలుపు గృహస్థ జీవితమేనని తేల్చుకున్నారు. 1505 ప్రాంతంలో జేన్ కోల్ట్ అనే అమ్మాయిని వివాహమాడారు. మార్గరెట్, ఎలిజబెత్, సిసిలీ, జాన్ అని నలుగురు బిడ్డలు కలిగారు. 1511లో జేన్ కన్నుమూసింది. పసిపిల్లలతో దిక్కుతోచని ఆ తండ్రి నెల తిరగకుండానే ఆలిస్ మిడిల్టన్ అనే వితంతువును పెండ్లాడారు. ఆమె వయసులో ఆయన కంటే పెద్దది, నోరు కాస్త గట్టిది, ఇల్లు నడపడంలో దిట్ట. సవతి పిల్లలను ఆమె చక్కగా సాకింది.

ఇక ఆ పుస్తకం సంగతి చూడండి. 1515లో వర్తక వ్యవహారాలపై రాజు ఆయనను ఫ్లాండర్స్ దేశానికి రాయబారిగా పంపారు. చర్చలు మధ్యలో ఆగిపోవడంతో కొంత ఖాళీ దొరికింది. ఆ ఖాళీలో ‘యుటోపియా’ రెండవ భాగం వ్రాశారు. లండనుకు తిరిగి వచ్చాక మొదటి భాగం చేర్చాలి. అక్కడే చిక్కొచ్చింది. అప్పుడాయన నగరంలో న్యాయాధికారి, న్యాయవాది కూడా. పుస్తకం 1516 డిసెంబరులో లూవెన్ నగరంలో అచ్చయింది. దాని ముందు, ఆంట్వెర్ప్‌లోని తన మిత్రుడు పీటర్ గైల్స్‌కు వ్రాసిన లేఖను చేర్చారు. మీరెప్పుడైనా చదివితే, ఇది మా ఇంటి సంగతే అనుకుంటారు.

ఆరు వారాల్లో ఇస్తాననుకున్న పుస్తకం దాదాపు ఏడాది పట్టిందని ఆయన సిగ్గుపడుతూ క్షమాపణ చెప్పుకున్నారు. పగలంతా వాదనలు, తీర్పులు, మర్యాదకు చూడవలసినవారిని చూడటంతోనే సరిపోతుందట. ఇంటికి వస్తే భార్యతో ముచ్చటించాలి, పిల్లలతో కబుర్లాడాలి, పనివారితో పనుల గురించి మాట్లాడాలి. వీటిని కూడా ఆయన పనిగానే లెక్కవేశారు. అలా చేయకపోతే మన ఇంట్లో మనమే పరాయివాళ్లమైపోతామని ఆయన అభిప్రాయం. ఇక వ్రాయడానికి మిగిలేది నిద్రలోంచి, భోజనంలోంచి దొంగిలించిన కాలం మాత్రమేనని నవ్వుతూ ఒప్పుకున్నారు.

గమనించారా? ఆయన కాలాన్ని దొంగిలించింది తన నిద్రలోంచి, తన కంచంలోంచి. భార్యకు చెందవలసిన సాయంత్రాన్ని, పిల్లల కబుర్లను దొంగిలించలేదు. మనలో కళాభిరుచి ఉన్నవారు చాలామంది ఇక్కడే పొరబడతాం. నాటకం రిహార్సలు, పాటల బృందం, సంఘం పని పేరుతో ఇంటివారి వాటాను వాడేసుకుంటాం. ఇంట్లో మాట్లాడే కాలాన్ని వృథా అనుకుంటాం.

ఆ పుస్తకం నిండా కూడా హాస్యమే. యుటోపియా అంటేనే ఎక్కడా లేని చోటు అని అర్థం. ఆ ఊహా దేశంలో బంగారంతో మూత్రపాత్రలు, ఖైదీల సంకెళ్లు చేస్తారు. జనం రోజుకు ఆరు గంటలే పనిచేసి, మిగిలిన వేళల్లో ఇష్టమైతే చదువుకుంటారు. తెల్లవారుజామున జరిగే పాఠాలకు స్త్రీలు కూడా వెళతారు. భోజనానికి ముందు నీతినిచ్చే చదువు కొంచెం ఉంటుంది, విసుగు పుట్టనంత కొంచెం. తనకు దొరకని తీరికనంతా మోర్ గారు ఆ దేశానికి పంచిపెట్టారనిపిస్తుంది!

ఊహలో వ్రాసిన దాన్ని ఆయన ఇంట్లో ఆచరించారు కూడా. ఆడపిల్లలకు చదువెందుకనే కాలంలో కూతుళ్లకు కొడుకుతో సమానంగా లాటిను, గ్రీకు చెప్పించారు. ఊరు వెళితే పిల్లలు రోజూ ఉత్తరం వ్రాయాలి. వ్రాయడానికి ఏమీ లేదంటే కుదరదు, ఏమీ లేదన్న సంగతినే విపులంగా వ్రాయమని ఛలోక్తి విసిరేవారు. ఒకసారి వానలో, బురదలో గుర్రం కాళ్లు దిగబడుతుంటే ప్రయాణం చేస్తూ పిల్లలకు లాటినులో ఒక పద్యలేఖ అల్లారు. మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టానంటే అది నెమలి ఈకలతోనే అని అందులో గుర్తు చేశారు. పెద్దమ్మాయి మార్గరెట్ ఎంత విదుషి అయిందంటే, పరలోక జపంపై ఎరాస్మస్ అనే మహాపండితుడు లాటినులో వ్రాసిన గ్రంథాన్ని ఆమె ఇంగ్లీషులోకి అనువదించింది.

ఎరాస్మస్ మోర్ గారికి ప్రాణస్నేహితుడు. 1509లో వారింట అతిథిగా ఉన్నప్పుడే మూర్ఖత్వాన్ని పొగుడుతున్నట్లు ఒక వ్యంగ్య గ్రంథం వ్రాసి, మోర్ అనే పేరు మీద శ్లేషతో దానికి పేరు పెట్టారు. ఆ ఇంట్లో కోతితో సహా రకరకాల జంతువులుండేవి, ఒక విదూషకుడుండేవాడు. పుస్తకాల మీద మనసు లేని ఆలిస్‌ను నవ్విస్తూ, బుజ్జగిస్తూ ఆయన ల్యూటు, వేణువు వంటి వాద్యాలు నేర్చుకునేలా చేశారు. రాత్రివేళ ఇంటిల్లిపాదీ కలిసి ప్రార్థన చేసేవారు.

పదవులు పెరిగాయి. 1523లో పార్లమెంటు దిగువ సభకు స్పీకరు, 1529 అక్టోబరులో దేశానికి లార్డ్ ఛాన్సలర్ అయ్యారు. అంత పదవిలో ఉండి కూడా చెల్సీ గ్రామంలోని తన విచారణ గుడిలో అంగీ ధరించి పాటల బృందంలో పాడేవారు. అది చూసి నార్ఫోక్ ప్రభువు నివ్వెరపోయి, రాజుగారికి ఇది అవమానం కాదా అని మందలించారు. తన రాజుకు కూడా ప్రభువైన దేవుని సేవ చేస్తే రాజు ఎందుకు చిన్నబుచ్చుకుంటారని మోర్ గారు బదులిచ్చారు.

ఛాన్సలర్ కావడానికి కొద్దిగా ముందు, ఆయన ఊళ్లో లేనప్పుడు చెల్సీ ఇంటిలో కొంత భాగం, ధాన్యపు కొట్లు కాలిపోయాయి. ఇరుగుపొరుగు వారి కొట్లకూ మంటలంటుకున్నాయి. ఆలిస్‌కు వెంటనే ఉత్తరం వ్రాశారు. అందరూ గుడికి వెళ్లి, దేవుడిచ్చిన దానికి, తీసుకున్న దానికి, మిగిల్చిన దానికి కృతజ్ఞతలు చెప్పమన్నారు. మన ఇంటి నిప్పు వల్ల పొరుగువారిలో ఎవరూ నష్టపోకూడదు, ఎవరికెంత పోయిందో కనుక్కోమన్నారు. వేరే పని దొరికేదాకా ఏ పనివాణ్ణీ పంపివేయవద్దని కూడా వ్రాశారు.

ఆయనలో లోపాలు లేవని కాదు. ప్రొటెస్టంటులను ఖండిస్తూ ఆయన వ్రాసిన గ్రంథాల్లో కలం చాలా పరుషంగా నడిచింది. ఆయన ఛాన్సలర్‌గా ఉన్న కాలంలో మతభేదం నేరంపై కొందరిని సజీవదహనం చేశారు, ఆయన దాన్ని సమర్థించారు. ఈనాడు శ్రీసభ మనకు నేర్పే మత స్వేచ్ఛ వెలుగులో అది మనల్ని బాధిస్తుంది. పునీతులు కూడా తమ కాలపు మనుషులేనని గుర్తుంచుకుందాం.

8వ హెన్రీ రాజు రాణి క్యాథరీన్‌ను విడిచి మరో పెళ్లికి సిద్ధమై, ఇంగ్లండు శ్రీసభకు తానే అధిపతినని ప్రకటించుకునే దారి పట్టారు. 1532 మే 16న మోర్ గారు పదవి వదులుకున్నారు. ఆ వార్త ఇంట్లో చెప్పిన తీరు చూడండి. పూజ ముగియగానే ఒక సేవకుడు ఆలిస్ కూర్చున్న చోటికి వచ్చి, దొరగారు బయలుదేరారని చెప్పడం అలవాటు. ఆనాడు మోర్ గారే టోపీ చేతబట్టుకుని వచ్చి, వంగి, దొరగారు వెళ్లిపోయారని చెప్పారు! రాబడి తగ్గిందని పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కో మెట్టు భోజనం తగ్గించుకుందాం, అదీ చాలకపోతే జోలె తగిలించుకుని ఇంటింటా దేవమాత కీర్తన పాడుతూ సంతోషంగా అడుక్కుందామన్నారు.

1534 ఏప్రిల్‌లో రాజు కోరిన ప్రమాణం చేయనందుకు ఆయనను లండను టవరు చెరలో పెట్టారు. పాఠకులారా, ఇన్నేళ్లు జాగ్రత్తగా నిలిపిన తక్కెడ ఇప్పుడు ఊగింది. ఒకవైపు అంతరాత్మ, మరోవైపు ప్రాణప్రదమైన కుటుంబం. మార్గరెట్ కూడా ఒక షరతుతో ప్రమాణం చేసేసింది. తండ్రిని కూడా ఒప్పించాలని వచ్చి బ్రతిమాలింది. ఆయన ఆమెను నవ్వుతూ ఏవతో పోల్చారు, తాను మాత్రం కదలలేదు. ఆలిస్ వచ్చి, చక్కటి ఇల్లు, పుస్తకాలు, తోట వదులుకుని ఈ ఎలుకల మధ్య ఏమిటని గట్టిగా కోప్పడింది. ఈ ఇల్లు కూడా పరలోకానికి అంతే దగ్గర కదా అని ఆయన నవ్వబోయారు. ఆమెకు నవ్వు రాలేదు. ఆయన చెరసాల భోజనపు ఖర్చుకు తన బట్టలు అమ్ముకున్నది ఆమే మరి. ఆ ఇంటివారు చెల్లించిన మూల్యాన్ని మనం మరచిపోకూడదు.

చెరలో కూడా ఆయన చదివారు, వ్రాశారు. శ్రమల్లో ఓదార్పు గురించి అక్కడ వ్రాసిన సంభాషణ గ్రంథంలోనూ నవ్వించే కథలున్నాయి. చివరికి పుస్తకాలన్నీ పట్టుకుపోతే కిటికీ తలుపులు మూసేశారట. ఎందుకని అడిగితే, సరుకంతా పోయాక అంగడి మూయక ఏం చేస్తామన్నారట. బొగ్గుముక్కతో మార్గరెట్‌కు ఉత్తరాలు వ్రాశారు. తీర్పు తరువాత ఆమె సైనికుల మధ్య నుండి దూసుకువచ్చి అందరి ఎదుట తండ్రిని కౌగిలించుకున్నది. ఆ ప్రేమ తనకెంతో నచ్చిందని చివరి ఉత్తరంలో వ్రాశారు. 1535 జూలై 6న వేదిక మెట్లు ఊగుతుంటే, ఎక్కడానికి కాస్త చేయి ఇవ్వమని, దిగేటప్పుడు తన పాట్లు తాను పడతానని అధికారితో అన్నారు.

1935లో 11వ పయస్ పోపు గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. 2000లో రెండవ జాన్ పాల్ పోపు గారు రాజనీతిజ్ఞులకు, రాజకీయ నాయకులకు పాలక పునీతునిగా నియమించారు. మన ఇళ్లలోని తల్లిదండ్రులు కూడా ఆయనను తమవాడిగా చేసుకోవచ్చు.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ వారం ఒక పని చేసి చూడండి. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక పది నిమిషాలు ఒక మంచి పుస్తకం మీ బిడ్డ చేత పైకి చదివించండి, విసుగు పుట్టకముందే ఆపండి. తరువాత కాసేపు అందరూ నవ్వేలా మాట్లాడుకోండి. మీ సొంత రచనో, పాటో ఉంటే దానికి అరగంట ముందు నిద్ర లేవండి. చెరసాల వంటి కష్టం మనకు రాకపోవచ్చు. జబ్బో, అప్పో, అన్యాయమో వచ్చిన రోజున, ఇంట్లో పంచుకున్న చదువు, మాట, నవ్వు, ప్రార్థన మనల్ని నిలబెడతాయి. పునీత థామస్ మోర్ గారా, మా కుటుంబాల కొరకు ప్రార్థించండి.