కర్నల్ సి.కె. నాయుడు

క్రికెట్‌లో పదకొండు మంది పేర్లను కాగితం మీద రాయడం సులభం. ఆ పదకొండు మందిని ఒక జట్టుగా తీర్చిదిద్దడం కష్టసాధ్యం. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని పక్కన పెట్టాలి, ఎవరిలోని శక్తి రేపు వికసిస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలవానికి ఆటలో నైపుణ్యంతోపాటు మనుషులను అంచనా కట్టే చూపు కూడా కావాలి. వంశాన్నీ, హోదానూ, మతాన్నీ చూసి జట్టులో స్థానాలు పంచిన కాలంలో ప్రతిభకూ క్రమశిక్షణకూ పట్టం కట్టి, భారతదేశపు దేశవాళీ క్రికెట్‌లో ఒక మహత్తరమైన జట్టును నిర్మించిన సారథి కర్నల్ సి.కె. నాయుడు.

నాయుడు పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. వారి పూర్వికులు మచిలీపట్నం ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగువారు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. అక్కడ రంజిత్‌సింహ్‌జీతో ఆయనకు స్నేహం కలిగింది. తరువాతి కాలంలో ఆ రంజిత్‌సింహ్‌జీ పేరు మీదనే వెలసిన రంజీ ట్రోఫీలో మిత్రుని కుమారుడు చరిత్ర సృష్టించడం ఒక చక్కని యాదృచ్ఛికం. నాయుడు నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో చదువుకున్నారు. పొడవైన విగ్రహం, నిటారైన నడక, తీక్షణమైన చూపు ఆయనకు చిన్ననాటి నుంచీ అలవడిన లక్షణాలు.

ఆ రోజులలో బొంబాయిలో జరిగే చతుర్ముఖ పోటీలే దేశంలోకెల్లా గొప్ప క్రికెట్ పండుగ. హిందువులు, ముస్లింలు, పార్శీలు, యూరోపియన్లు వేరువేరు జట్లుగా తలపడేవారు. ఏ జట్టులో ఆడాలో మతమే నిర్ణయించేది. 1916లో నాయుడు హిందువుల పక్షాన యూరోపియన్ల మీద తొలి మ్యాచ్ ఆడారు. ఆయన బ్యాటు పట్టుకొని మైదానంలోకి వచ్చేసరికి జట్టు 79 పరుగులకు ఏడు వికెట్లు కోల్పోయింది. మొదటి మూడు బంతులను ఆయన నిదానంగా ఆపారు. నాలుగవ బంతిని సిక్సర్‌గా మలిచారు. అప్పటి నుంచి ఆయన బ్యాటింగ్‌ను చూడడానికే జనం మైదానానికి తరలివచ్చేవారు.

1923లో ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి, సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. కాలక్రమాన ఆయన కర్నల్ అయ్యారు. నాటి నుంచి ఇందూరే ఆయన కర్మభూమి. 1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టు బౌలర్లను ఎదుర్కొని నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11. భారతీయులు ఇంగ్లండుతో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఆ ఇన్నింగ్స్‌తో బలపడింది. రెండేళ్ళకే, 1928 డిసెంబరులో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932లో భారత జట్టు ఇంగ్లండులో తన మొట్టమొదటి టెస్టు ఆడవలసి వచ్చింది. ఆటలో అందరికంటే మిన్న నాయుడే అయినా, సారథ్యం సంస్థానాధీశులకే దక్కాలన్నది ఆనాటి సంప్రదాయం. అందుచేత పోర్‌బందర్ మహారాజు నాయకుడుగా, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడుగా ఓడ ఎక్కారు. కాని తన ఆట స్థాయి ఎంతటిదో తెలిసిన పోర్‌బందర్ మహారాజు విజ్ఞతతో టెస్టు మ్యాచ్ నుంచి తప్పుకొన్నారు. లింబ్డీ కూడా ఆడలేదు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టును నడిపించే గౌరవం నాయుడుకు లభించింది. ఆట మొదలైన కొద్దిసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. భారత జట్టు తరపున అదే అత్యధిక స్కోరు. మ్యాచ్‌లో భారతదేశం 158 పరుగుల తేడాతో ఓడిపోయినా గౌరవాన్ని నిలుపుకొంది. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. విజ్డెన్ 1933 సంచికలో ఆ సంవత్సరపు ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరుగా ఆయనను ఎంపిక చేసింది.

మరుసటి సంవత్సరం స్వదేశంలో ఇంగ్లండుతో ఆడినప్పుడు కూడా నాయుడే సారథి. అయితే 1936 ఇంగ్లండు పర్యటనకు విజయనగరం మహారాజకుమార్ నాయకుడయ్యారు. తనకంటే ఎంతో తక్కువ ఆటగాని కింద నాయుడు సాధారణ సభ్యుడుగా ఆడవలసి వచ్చింది. ముఠాతగాదాలతో ఆ జట్టు చీలిపోయింది. అయినా ఓవల్ మైదానంలో తన చివరి టెస్టులో ఆయన 81 పరుగులు చేసి పోరాడారు. ఆడిన ఏడు టెస్టులలో ఆయన సాధించినవి 350 పరుగులే. అంకెలను మాత్రమే చూసేవారికి ఇది స్వల్పంగా తోచవచ్చు. తొలి టెస్టు ఆడేనాటికి ఆయన వయస్సు 36 దాటిందని మరువరాదు.

హోదాను బట్టి జట్టును కూర్చితే ఏమి జరుగుతుందో నాయుడు స్వయంగా చూశారు. ప్రతిభను బట్టి కూర్చితే ఏమి సాధించవచ్చునో నిరూపించే అవకాశం ఆయనకు ఇందూరులో లభించింది. 1934-35లో ప్రారంభమైన రంజీ ట్రోఫీలో ప్రాంతాల వారీగా జట్లు ఆడేవి. మతం ప్రసక్తి అక్కడ లేదు. 1941-42 నుంచి హోల్కర్ సంస్థానం సొంత పేరుతో బరిలోకి దిగింది. మహారాజు యశ్వంతరావు హోల్కర్ అండగా నిలిచారు. ఆటగాళ్ళకు సంస్థానపు కొలువులో ఉద్యోగాలు లభించేవి. కూడూ గుడ్డా గురించి చింత లేకపోవడంతో వారు ఆట మీద మనస్సు నిలపగలిగారు. ఆ జట్టుకు ఆటగాళ్ళను ఏరి కూర్చే బాధ్యతను నాయుడు భుజాన వేసుకొన్నారు.

ఆయన చూపు ఎంత దూరం ప్రసరించేదో ముస్తాక్ అలీ జీవితమే చెబుతుంది. ఇందూరులో పుట్టిన ఆ బాలునిలోని ప్రతిభను పదమూడేళ్ళ ప్రాయంలోనే నాయుడు గుర్తించారు. హైదరాబాదుకు తీసుకువెళ్ళి అతని ఆటకు మెరుగులు దిద్దించారు. ఆ బాలుడే 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డపై టెస్టు శతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. మత ప్రాతిపదికన జరిగే పోటీలలో గురుశిష్యులు ఎదురెదురు పక్షాలలో నిలిచేవారు. హోల్కర్ జట్టులో వారిద్దరూ ఒకే గెలుపు కోసం ఆడారు.

నాగపూర్‌లో పుట్టిన ఎడమచేతి బౌలర్ హీరాలాల్ గైక్వాడ్, బ్యాటింగ్‌లోనూ బౌలింగ్‌లోనూ దిట్ట అయిన సర్వటే, పరుగుల దాహం తీరని నింబాల్కర్, నాయుడు సొంత తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ జట్టుకు మూలస్తంభాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండు బ్యాట్స్‌మన్ డెనిస్ కాంప్టన్ సైనికుడుగా ఇందూరు సమీపంలోని మహూలో ఉండగా, అతడు కూడా హోల్కర్ పక్షాన ఆడాడు. ఏ మూల నుంచి వచ్చినవాడైనా, ఏ మతం వాడైనా, జట్టుకు పనికివస్తాడా లేదా అన్నదే అక్కడి కొలబద్ద.

ఎంపిక ఎంత నిష్పక్షపాతమో క్రమశిక్షణ అంత కఠినం. నొప్పిని పైకి కనబరచడం నాయుడుకు గిట్టేది కాదు. తమ్ముడన్న సడలింపు కూడా ఉండేది కాదు. 1944-45 రంజీ ఫైనల్‌లో బొంబాయి మీద సి.ఎస్. నాయుడు చేత ఆయన 152 ఓవర్ల 5 బంతులు వేయించారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో ఒక బౌలరు అన్ని బంతులు వేయడం ప్రపంచ రికార్డు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించినా, కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచినా హోల్కర్ ఆ మ్యాచ్‌లో ఓడిపోయింది. ఆ ఓటమితో జట్టు కుంగిపోలేదు. మరుసటి సంవత్సరం మైసూరు మీద ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు కొట్టారు. వారిలో నాయుడు ఒకరు. ఆపై ఫైనల్‌లో బరోడాను ఓడించి హోల్కర్ తొలిసారి ట్రోఫీ గెలుచుకొంది. ఆ మ్యాచ్‌లో నాయుడు 200 పరుగులు చేశారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు నిండాయి. ఇతరులను ఏ కొలతతో కొలిచారో తన స్థానాన్ని కూడా ఆ కొలతతోనే నిలబెట్టుకొన్నారు.

1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది సంవత్సరాలలో హోల్కర్ ఎనిమిదిసార్లు ఫైనల్ చేరి, నాలుగుసార్లు విజేతగా నిలిచింది. 1951-52 ఫైనల్‌లో బొంబాయి వేగపు బౌలర్ ఫడ్కర్ వేసిన బంతి తగిలి నాయుడు పళ్ళు రెండు ఊడిపోయాయి. 56 ఏళ్ళ ఆ సారథి మైదానం విడిచి వెళ్ళక బ్యాటింగ్ కొనసాగించారు. తన మనుషుల నుంచి ఏమి ఆశించారో దానిని ముందుగా తాను ఆచరించి చూపారు.

అయితే ఎంపిక చేసే ఆసనం ముళ్ళతో కూడినది. 1952 ఇంగ్లండు పర్యటనకు జట్టును ఎంపిక చేసిన సంఘానికి నాయుడు అధ్యక్షుడు. దేశంలో మేటి ఆల్‌రౌండర్ అయిన వినూ మన్కడ్‌కు ఇంగ్లండులోని హాస్లింగ్డన్ క్లబ్ నుంచి పిలుపు వచ్చింది. జట్టులో తనకు చోటు ఉంటుందని ముందుగా హామీ ఇస్తే క్లబ్‌ను కాదంటానని మన్కడ్ కోరాడు. హామీ లభించలేదు. అందుచేత అతడు క్లబ్‌లో చేరిపోయాడు. తొలి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో భారత జట్టు ఒక్క పరుగైనా చేయకముందే నాలుగు వికెట్లు కోల్పోయింది. అప్పుడు క్లబ్ అనుమతితో మన్కడ్‌ను పిలిపించక తప్పలేదు. లార్డ్స్ టెస్టులో అతడు 72, 184 పరుగులు చేసి, ఇంగ్లండు మొదటి ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఎవరికీ ముందుగా వాగ్దానం చేయరాదన్న నియమం న్యాయమైనదే. కాని ఆటనే జీవనాధారంగా చేసుకొన్నవాని అవసరాన్ని ఆ నియమం గుర్తించలేకపోయింది. సంస్థానపు ఆదరణలో పెరిగిన హోల్కర్ ఆటగాళ్ళకు అటువంటి చిక్కు ఎదురుకాలేదు. నాయుడు దృఢత్వమే ఆ సందర్భంలో జట్టుకు నష్టం కలిగించిందని అంగీకరించక తప్పదు.

1952-53 విజయం తరువాత నాయుడు హోల్కర్ జట్టును వీడారు. ఆంధ్రరాష్ట్రం అవతరించిన 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో అడుగుపెట్టింది. పూర్వికుల నేల పేరు ధరించిన ఆ కొత్త జట్టులో నాయుడు ఆడారు. 1956-57లో, 61 ఏళ్ళ వయస్సులో, ఉత్తరప్రదేశ్ పక్షాన కూడా రంజీ మ్యాచ్‌లలో పాల్గొన్నారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1967 నవంబరు 14న ఇందూరులో ఆయన కన్నుమూశారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఆయన 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీశారు.

భారత క్రికెట్ నియంత్రణ మండలి 1994 నుంచి ఆయన పేరిట జీవిత సాఫల్య పురస్కారం ప్రదానం చేస్తున్నది. యువ ఆటగాళ్ళ కోసం నిర్వహించే ఒక జాతీయ పోటీకి కూడా ఆయన పేరే పెట్టారు. రేపటి ఆటగాళ్ళను ఈనాడే గుర్తించిన మహనీయునికి ఇంతకంటే తగిన స్మారకం లేదు. హోల్కర్ జట్టు చరిత్రలో కలిసిపోయిన చాలాకాలానికి, 2022లో, ఇందూరు నగరం ఉన్న మధ్యప్రదేశ్ జట్టు రంజీ ట్రోఫీ గెలుచుకొన్నప్పుడు అందరూ నాయుడును తలచుకొన్నారు. యోగ్యతను గుర్తించి అవకాశం ఇవ్వడం, అవకాశం పొందినవారి నుంచి కఠోర శ్రమను కోరడం, ఆ శ్రమలో తానే ముందుండడం ఆయన పాటించిన సూత్రాలు. ఆటస్థలానికే కాదు, పదిమంది కలిసి చేసే ప్రతి పనికీ అవి శిరోధార్యాలు.