సులేమాన్ సుల్తాను – ఆగస్టు 29

చరిత్ర పాఠాల్లో మనం తేదీలను వల్లిస్తాం; వాటి వెనుకనున్న మనుషులను మరుస్తాం. 1520లో తుర్కీ ఉస్మానియా సింహాసనమధిష్ఠించిన సులేమాన్ సుల్తానుకు ఆగస్టు 29 విజయదినం. 1521లో ఆనాడే బెల్‌గ్రేడ్ కోట లొంగింది. 1526లో ఆనాడే మొహాచ్ మైదానంలో హంగరీ సైన్యం కొద్ది గంటల్లో నశించింది. 1541లో ఆనాడే బుడా నగరం పోరు లేకుండానే వశమైంది.

కాని మొహాచ్ నుండి పారిపోతూ వాగులో మునిగి మరణించిన హంగరీ రాజు లూయీకి ఇరవై ఏండ్లే; మన విద్యార్థుల ఈడువాడు. సుల్తాను సైతం తన కడపటి విజయాన్ని చూడలేదు. 1566 సెప్టెంబరులో సిగెత్వార్ కోట పడకముందే గుడారంలో కన్నుమూశాడు. ఆ వార్తను వజీరు సైన్యానికి తెలియనీయలేదు. బుడా 1686లో ఉస్మానియుల చేజారింది.

అయినా స్వజనులు ఆయనను స్మరించేది విజేతగా కాదు, ‘కానూనీ’గా, అనగా శాసనకర్తగా. తేదీలతోపాటు ఈ బిరుదును కూడా మనం జ్ఞాపకముంచుకొందాం.