ఆర్గాను విద్వాంసుడు ఫాట్స్ వాలర్

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పల్లెలలో హార్మోనియం ఎరుగనివారు అరుదు. పద్యనాటకంలో కృష్ణుడు రాగం తీసినా, రామమందిరంలో భజన సాగినా, క్రైస్తవుల ప్రార్థనలో కీర్తన ఎత్తుకున్నా ఆ పెట్టె పక్కన ఉండవలసినదే. దానికొక పెద్దన్న ఉన్నాడు. పేరు ఆర్గాను. రెండింటికీ గాలియే ప్రాణం. హార్మోనియంలో తిత్తి నుండి వచ్చిన గాలి సన్నని ఇత్తడి రేకులను కదిలిస్తే నాదం పుడుతుంది. పెద్ద ఆర్గానులో ఆ గాలి వందలకొలది, ఒక్కొక్కచోట వేలకొలది గొట్టాలలో దూరి పలుకుతుంది. పిల్లనగ్రోవులను వేయింటిని ఒకచోట నిలబెట్టి, ఊదే పని యంత్రానికి, వేళ్ళ పని మెట్లకు అప్పగించినట్లు ఊహించుకొనవచ్చును. చేతులకు రెండు మూడు వరుసల మెట్లు, పాదాలకు మరొక వరుస. ఐరోపాలో ఈ వాద్యం శతాబ్దాలుగా దేవాలయాలలో దైవస్తుతికే అంకితమై ఉండేది.

ఇంత బరువైన వాద్యంపై జాజ్ సంగీతాన్ని చిందులు వేయించినవారిలో అగ్రగణ్యుడు ఫాట్స్ వాలర్. జాజ్ అమెరికా నల్లజాతి ప్రజల సృష్టి; మన కల్పనస్వరం వలెనే అప్పటికప్పుడు పుట్టే కల్పన దానికి జీవం. లోకం వాలర్‌ను పియానో వాద్యకునిగా, కనుబొమలెగరేసి నవ్వించే గాయకునిగా గుర్తు పెట్టుకున్నది. ఆయన మనస్సు మాత్రం ఆర్గాను దగ్గర ఉండేది. లోకం కోరినది ఒకటి, తాను కోరినది ఒకటి. ఈ రెండింటి మధ్య ముప్పది తొమ్మిదేళ్ళు గడచిపోయినవి.

అసలు పేరు థామస్ రైట్ వాలర్. 1904 మే 21న న్యూయార్కు నగరంలో జన్మించాడు. స్థూలకాయుడు కావటంతో ‘ఫాట్స్’ అన్న ముద్దుపేరే స్థిరపడినది. తల్లిదండ్రులు వర్జీనియా నుండి బతుకుతెరువుకై వచ్చినవారు. తండ్రి ఎడ్వర్డ్ సరకుల బండి తోలి కుటుంబాన్ని పోషించేవాడు. తీరిక దొరికితే వీధి కూడళ్ళలో నిలిచి దైవప్రసంగం చేసేవాడు. పదకొండుగురు సంతానంలో పలువురు పసితనంలోనే గతించారు. థామస్ ఆరేళ్ళకే పియానో ముట్టుకున్నాడు. కొద్ది సంవత్సరాలకే తండ్రి ప్రసంగాలకు తోడుగా, మన కాలితొక్కుడు హార్మోనియం వంటి రీడ్ ఆర్గానుపై కీర్తనలు వాయించసాగాడు. కొడుకు మతబోధకుడు కావాలని తండ్రి ఆశ. జాజ్ ఆయనకు దయ్యాల సంగీతం. వీధిలో దేవుని పాటలు నేర్పిన తండ్రే కొడుకు చేతికి ఆ వాద్యాన్ని అందించాడన్నది వేరు సంగతి.

హార్లెమ్ పేటలో లింకన్ థియేటర్ అనే సినిమాశాల ఉండేది. అవి మూకీ చిత్రాల రోజులు. తెరపై బొమ్మలాడుతుండగా కింద కూర్చున్న వాద్యకుడు సన్నివేశానికి తగిన సంగీతం కల్పించాలి. గుర్రాలు పరుగెడితే పరుగు, తల్లి ఏడిస్తే శోకం. ముందుగా రాసి ఉంచుకొనే వ్యవధి ఉండదు. అవధానికి సమస్య వచ్చి పడినట్లు బొమ్మ వచ్చి పడుతుంది, తక్షణం పూరించాలి. అక్కడి పియానో వాద్యకురాలు మేజీ మలిన్స్ ఈ బాలుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొనేది, విరామ సమయాలలో వాయించనిచ్చేది. ఆ శాలలో పదివేల డాలర్ల ఖరీదుగల వర్లిట్జర్ ఆర్గాను ఉన్నది. పదునైదేళ్ళ వయసులో థామస్‌కు దానిని వాయించే ఉద్యోగం లభించినది. జీతం వారానికి 23 డాలర్లు.

1920లో తల్లి మరణించినది. ఆ దెబ్బకు ఇల్లు విడిచి ఒక మిత్రుని ఇంట చేరాడు. అక్కడినుండే జేమ్స్ పి. జాన్సన్ శిష్యరికం ప్రాప్తించినది. ఎడమచేయి మంద్రస్వరానికీ మధ్యస్వరాల గుంపుకూ మధ్య అంగలు వేస్తూ లయను నిలబెడుతుండగా, కుడిచేయి కల్పనలో విహరించే పియానో పద్ధతికి ఆ జాన్సన్ ఆచార్యుడు. చిన్న వయసులోనే జరిగిన పెళ్ళి కొద్ది సంవత్సరాలలో విడాకులతో ముగిసినది. ఆ భరణం బాకీ ఏళ్ళ తరబడి వాలర్‌ను వెన్నాడినది. 1926లో అనీటా రదర్‌ఫర్డ్‌ను వివాహమాడాడు.

లింకన్ థియేటర్‌లో వాలర్ వాయిస్తుంటే ఒక కుర్రవాడు నేలపై కూర్చుని ఆయన పాదాల కదలికనే చూస్తుండేవాడట. ఆ కుర్రవాడే తరువాత గొప్ప వాద్యబృందానికి నాయకుడైన కౌంట్ బేసీ. వాలర్ అతణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని విద్య చెప్పాడు. తాను మేజీ మలిన్స్ వద్ద పొందినదానినే ఇచ్చాడు.

న్యూజెర్సీలోని కామ్డెన్‌లో విక్టర్ గ్రామఫోను కంపెనీవారు ఒక పాత చర్చిని కొని రికార్డింగు శాలగా మార్చుకున్నారు. అందులో ఎస్టీ కంపెనీవారి పైపు ఆర్గాను ఉన్నది. 1926 నవంబరులో వాలర్ దాని ముందు కూర్చున్నాడు. ఇక్కడి చిక్కును విద్యార్థులు గమనించాలి. పియానో మెట్టు నొక్కిన క్షణానే పలుకుతుంది. పైపు ఆర్గానులో మెట్టు నొక్కిన తరువాత గాలి కదలాలి, గొట్టం పలకాలి, దూరాన ఉన్న గొట్టం నుండి ఆ శబ్దం వాద్యకుని చెవికి చేరాలి. కీర్తనకు ఈ జాప్యం అడ్డు కాదు. జాజ్‌కు లయయే సర్వస్వం. తాళం వేసేవాడు మండపానికి ఆ చివర, పాడేవాడు ఈ చివర కూర్చుంటే ఏమవుతుందో అదే ఇక్కడి ఇబ్బంది. చెవిని నమ్మితే లయ జారిపోతుంది. తన లోపలి తాళాన్ని నమ్ముకొని, వినబడబోయే దానికి ముందుగానే వేళ్ళు నడపాలి. వాలర్ మెట్లను తేలికగా తాకి వెంటనే విడుస్తూ ఆ మహాయంత్రాన్ని చురుకుగా నడిపించాడు. 1927లో ఆల్బర్టా హంటర్ అనే ప్రసిద్ధ గాయని పాటలకు అక్కడే ఆర్గాను సహకారమిచ్చాడు. 1928లో గురువు జాన్సన్ పియానో వాయించగా తాను ఆర్గానుపై కూర్చున్న రికార్డులు కూడ ఉన్నవి. నా మట్టుకు నాకు ఆయన మొత్తం కృషిలో ఈ కామ్డెన్ రికార్డులే ఎక్కువ విలువైనవి.

పాటల రచనలో ఆయనకు తోడు ఆండీ రాజఫ్. మడగాస్కర్ రాజవంశపు రక్తం గలవాడు. వీరిద్దరూ 1929లో ‘హాట్ చాక్లెట్స్’ అనే సంగీత నాటకానికి కూర్చిన ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ దేశమంతటా మారుమోగినది. ఆ పాటతో సహా పలు పాటలపై తన హక్కులను వాలర్ అదే సంవత్సరం 500 డాలర్లకు అమ్ముకున్నాడు. చేతిలో డబ్బు నిలవనివాడు, భరణం బాకీ మెడపై ఉన్నవాడు. కొన్నవారికి ఈ సంగతులు తెలియవనుకోలేము.

1930ల ఆరంభంలో కొంతకాలం సిన్సినాటి రేడియోలో పనిచేశాడు. అక్కడ అర్ధరాత్రి కార్యక్రమంలో ఆర్గాను వాయించే అవకాశం దొరికినది. 1934లో విక్టర్ కంపెనీ ఆయన కొత్త బృందంతో ఒప్పందం చేసుకున్నది. ఇక్కడినుండి కీర్తి పెరిగినది, ఆర్గాను దూరమైనది. కంపెనీవారు చేతికిచ్చిన సాదాసీదా పాటలను కూడ ఆయన పాడాలి. వాలర్ వాటిని పాడుతూనే వెక్కిరించేవాడు. పల్లవికీ చరణానికీ నడుమ ఒక చమత్కారం విసిరేవాడు. జనం విరగబడి నవ్వారు, రికార్డులు వేలంవెర్రిగా అమ్ముడుపోయినవి. నల్లవాడు నవ్విస్తే చాలునని భావించే కాలమది. దక్షిణ రాష్ట్రాలలో వర్ణభేదం కారణంగా నల్లవారికి మంచి హోటలులో గది దొరకని కాలం. ఆ నవ్వు వెనుక ఎంత పాండిత్యమున్నదో చాలామంది విచారించలేదు.

1938 ఆగస్టులో లండన్‌లోని ఆబీ రోడ్ శాలలో కాంప్టన్ ఆర్గాను ఆయనకు లభించినది. ఏమి వాయించాలన్న స్వేచ్ఛ దొరకగానే ఆయన ఎన్నుకున్నవి బానిసత్వపు రోజులనాటి భక్తిగీతాలు. మోషేను ఫరో కొలువుకు పంపే పాట, లోతైన నదిని దాటే పాట వంటివి. వీటిలో చమత్కారం లేదు, వెక్కిరింత లేదు. వీధి కూడలిలో తండ్రి పక్కన నిలిచిన బాలుడు మళ్ళీ వినిపిస్తాడు. మరుసటి ఏడు అదే నగరంలో, లండన్ పేటల పేర్లతో ఆరు పియానో రచనలు రికార్డు చేశాడు.

ఇంతలో గొట్టాలు, తిత్తులు లేకుండా విద్యుత్తుతో పలికే హామండ్ ఆర్గాను 1935లో బజారుకు వచ్చినది. న్యూయార్కులోని తన కొత్త ఇంటిలో వాలర్ ఒకటి పెట్టుకున్నాడు. మన దేశంలో సరిగా 1940లోనే అఖిల భారత రేడియో హార్మోనియాన్ని బహిష్కరించినది; గమకాలు పలకవన్నది ముఖ్య ఆరోపణ. ఆ నిషేధం 1971 వరకు సడలలేదు. హామండ్‌పై ఆయన 1942లో రికార్డు చేసిన ‘జిట్టర్‌బగ్ వాల్ట్జ్’ మూడు మాత్రల నడకలో సాగుతుంది. కుమారుడు చేసే పియానో సాధననుండి ఆ వరుస తట్టినదని చెబుతారు.

అదే సంవత్సరం జనవరిలో కార్నెగీ హాలు కచ్చేరీ విఫలమైనది. కారణం మద్యం. దానిని దాచిపెట్టి ఆయన జీవితం రాయటం తగదు. 1943 జూనులో ఆయన సంగీతం సమకూర్చిన ‘ఎర్లీ టు బెడ్’ బ్రాడ్‌వేలో ప్రదర్శితమైనది; ‘స్టార్మీ వెదర్’ చిత్రంలో నటించాడు. హాలీవుడ్‌లో కచ్చేరీలు ముగించుకొని, శరీరం చెడిన స్థితిలో ఇంటికి రైలెక్కాడు. డిసెంబరు 15న కాన్సస్ సిటీ చేరేసరికి న్యుమోనియాతో ఆ రైలుపెట్టెలోనే మరణించి ఉన్నాడు. హార్లెమ్‌లోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో అంత్యప్రార్థనకు వేలాది జనం తరలివచ్చారు.

1956లో జిమ్మీ స్మిత్ అనే యువకుడు హామండ్ ఆర్గానుతో రికార్డులకెక్కి, జాజ్‌లో ఆ వాద్యానికి స్థిరమైన పీఠం వేశాడు. 1962లో అతడు వాలర్‌తో ముడిపడిన పాటలతో ఒక రికార్డు చేశాడు. అందులో పాడేవారు లేరు. ఆర్గాను, గిటారు, డ్రమ్ములు మాత్రమే.